వార్తల పక్కనే సుడిదోమ, ఆ పక్కనే త్యాగరాజ కీర్తన: ప్రజా రేడియోలో ఇంత వైవిధ్యం ఎలా వచ్చింది, ఎక్కడ తగ్గుతోంది?

2025 జులైలో అమెరికా కాంగ్రెస్ ప్రజా ప్రసారాలకు కేటాయించిన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది. అంతకు ఏడాది ముందు, 2024 ఆగస్టులో, మన కేంద్ర మంత్రివర్గం ప్రైవేటు ఎఫ్.ఎం. లేని 234 పట్టణాల్లో 730 కొత్త చానళ్ళ వేలానికి అనుమతి ఇచ్చింది. బ్రిటన్‌లో బీబీసీకి ప్రాణాధారమైన రాయల్ చార్టర్ 2027 చివరితో ముగుస్తుంది కాబట్టి, దాని తరువాత డబ్బు ఎవరు పెట్టాలన్న చర్చ అక్కడ నడుస్తోంది. ఈ మూడు వార్తలూ చదివినవారికి సహజంగానే కలిగే సందేహం ఒకటుంది. చేతిలో ఫోను, ఫోనులో లక్షల పాటలు, పట్టణానికి నాలుగైదు ఎఫ్.ఎం.లు ఉన్న కాలంలో ప్రజల సొమ్ముతో నడిచే రేడియో ప్రత్యేకంగా ఇచ్చేదేమిటి?

దీనికి సాధారణంగా వినిపించే జవాబు "వైవిధ్యం" అన్నది. ఒకే కేంద్రం నుంచి వార్తలు, భక్తిగీతాలు, పాడిపంటలు, నాటకం, ధరవరలు, పిల్లల కార్యక్రమం, వాతావరణ సూచన అన్నీ వస్తాయి. జవాబు సరైనదే, కానీ అది సగం మాత్రమే చెబుతుంది. ఆ వైవిధ్యం ఎవరి దయ వల్లో రాలేదు. స్టేషనుకు డబ్బు ఎవరిస్తారు, స్టేషను ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్న రెండు ఏర్పాట్ల నుంచి అది పుట్టింది. తగ్గేటప్పుడు కూడా ఆ రెండింటి దగ్గరే తగ్గుతుంది.

ముందుగా, ఏది ఏ రేడియో?

రోజువారీ మాటల్లో కలిసిపోయే నాలుగు రకాలను ఇక్కడ విడదీసుకోవాలి. ప్రభుత్వ శాఖగా నడిచేది ప్రభుత్వ రేడియో; దాని ఉద్యోగి మంత్రిత్వ శాఖకు జవాబుదారీ. చట్టం ద్వారా ఏర్పడి, ప్రజల సొమ్ముతో నడుస్తూ, రోజువారీ నిర్ణయాల్లో ప్రభుత్వానికి దూరంగా ఉండవలసినది ప్రజా రేడియో. ప్రకటనల ఆదాయం మీద లాభం కోసం నడిచేది వాణిజ్య రేడియో. ఒక ఊరి చుట్టుపక్కల జనం తమకోసం తామే నడుపుకొనేది కమ్యూనిటీ రేడియో.

ఆకాశవాణి ఈ వర్గీకరణలో ఎక్కడ ఉన్నదీ చెప్పడం అంత తేలిక కాదు. 1936 నుంచి ఆరు దశాబ్దాలపాటు అది నిస్సందేహంగా ప్రభుత్వ శాఖ. 1997 నుంచి ప్రసార భారతి అనే చట్టబద్ధ సంస్థలో భాగం. కాగితం మీద అది ప్రజా రేడియో. జీతాల పద్దు చూసినా, వార్తల పోకడ చూసినా ప్రభుత్వ రేడియో ఛాయలు ఇంకా పోలేదు. ఈ తేడా గుర్తుంటేనే తరువాతి విషయాలు అర్థమవుతాయి.

ఒక రోజు లోపల ఎన్ని లోకాలు

ఆకాశవాణి కేంద్రాల్లో పనిచేసినవారికి ఎఫ్.పి.సి. అన్న మూడక్షరాలు బాగా తెలుసు. ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్ అని దాని పూర్తి పేరు. ఏ వారం, ఏ గంటకు ఏ రకం కార్యక్రమం వెళ్ళాలో గళ్ళు గీసి ముందే నిర్ణయించే పట్టిక. ఆ పట్టికను బట్టి ఆ రోజు ప్రసారాలకు క్యూషీట్ తయారవుతుంది. దాన్ని చేతిలో పెట్టుకుని అనౌన్సరు స్టూడియోలో కూర్చుంటారు. డ్యూటీ రూములో డ్యూటీ ఆఫీసరు ప్రతి అంశం సమయానికి వెళ్ళిందా లేదా అని వింటూ లాగ్ రాస్తారు. నాటకం రెండు నిమిషాలు ముందే అయిపోతే ఆ ఖాళీలో వేసిన వాద్య సంగీతం కూడా లాగ్‌లోకి ఎక్కుతుంది.

ఆ పట్టిక తెలుగు ఇళ్ళలో గడియారంలా పనిచేసింది. శివరంజని రాగం పోలికలున్న సంకేత సంగీతం, వందేమాతరం, మంగళవాద్యం, భక్తిరంజని, 6.45కు ప్రాంతీయ వార్తలు, 7 గంటలకు ఢిల్లీ నుంచి తెలుగులో జాతీయ వార్తలు. ఈ వరుస మీద పిల్లల బడి, పెద్దల బస్సు ఆధారపడిన ఇళ్ళు లెక్కలేనన్ని. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది; హైదరాబాదులో 1935 నాటికే ఉన్న దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. అంతకు ముందు కోస్తా తెలుగువారికి రేడియో అంటే 1938లో మొదలైన మద్రాసు కేంద్రమే. బాలానందం కార్యక్రమంతో రేడియో అన్నయ్యగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు గారు, రేడియో అక్కయ్య కామేశ్వరి గారు అక్కడి నుంచే తెలుగు పిల్లలకు చుట్టాలయ్యారు.

వార్తలు దేశం మొత్తానికి చెందినవి. వాటి తరువాత వచ్చే పాడిపంటలు ఒక జిల్లాకు, ఒక్కోసారి ఒక కాలువ కింది ఆయకట్టుకు మాత్రమే చెందినవి. వరి దుబ్బుల మొదళ్ళలో సుడిదోమ కనిపిస్తే పొలంలో నీరు తీసేసి ఆరబెట్టాలని, నాట్లప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదిలితే గాలీ వెలుతురూ ఆడి దోమ తగ్గుతుందని వ్యవసాయాధికారి చెప్పే మాట హైదరాబాదు అపార్ట్‌మెంటులో వినేవారికి పూర్తిగా అనవసరం. కృష్ణా డెల్టాలో నారు పీకుతున్న రైతుకు మాత్రం ఆ పూటకు అంతకంటే పెద్ద వార్త ఉండదు. తమిళనాడులోని తంజావూరు ప్రాంతంలో 1960లలో ఏ.డి.టి.-27 అనే వరి రకం రేడియో ద్వారా ఎంతగా జనంలోకి వెళ్ళిందంటే, రైతులు దాన్ని రేడియో వడ్లనే పిలిచారు.

అదే రోజులో, అదే కేంద్రంలో, మరొక గంట వేరే సమూహానిది. హైదరాబాదు కేంద్రం నుంచి నైరంగ్ ఉర్దూ కార్యక్రమం, ఆదిలాబాదు కేంద్రం నుంచి గోండి కార్యక్రమాలు వచ్చాయి. తుపాను రోజుల్లో విశాఖ, విజయవాడ కేంద్రాల నుంచి "మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు" అన్న హెచ్చరిక పదే పదే వచ్చేది. 23 భాషల్లో, 179 మాండలికాల్లో ప్రసారాలు చేస్తున్నామని ఆకాశవాణి చెప్పుకొనే లెక్క ఇలాంటి చిన్న చిన్న గళ్ళన్నీ కూడితే వచ్చింది.

వెయ్యిమంది శ్రోతల లెక్క

ఇన్ని రకాలు ఒక స్టేషనులో ఇమిడినప్పుడు, పోటీ ఉన్న ప్రైవేటు ఎఫ్.ఎం.లు నాలుగూ దాదాపు ఒకే రకం పాటలు ఎందుకు వేస్తాయి? పోటీ పెరిగితే రకాలు పెరగాలి కదా అన్నది న్యాయమైన ప్రశ్న. అమెరికా రేడియో మీద పరిశోధించిన పీటర్ స్టైనర్ అనే ఆర్థికవేత్త 1952లోనే దీనికి ఒక లెక్క చూపాడు. దాన్ని మన అంకెల్లోకి మార్చుకుందాం. ఇవి ఊహించుకున్న అంకెలే తప్ప సర్వే ఫలితాలు కావు.

ఒక పట్టణంలో వెయ్యిమంది శ్రోతలున్నారు. వారిలో 700 మందికి సినిమా పాటలు కావాలి, 200 మందికి వ్యవసాయ కార్యక్రమం కావాలి, 100 మందికి నాటకం కావాలి. తమకు కావలసింది రాకపోతే వారు రేడియో కట్టేస్తారు. ప్రకటనల ఆదాయం శ్రోతల సంఖ్యను బట్టి వస్తుంది. మొదటి స్టేషను సినిమా పాటలు వేసి 700 మందిని పట్టుకుంటుంది. రెండోది వచ్చి ఆలోచిస్తుంది: పాటలే వేస్తే 700లో సగం, అంటే 350 మంది, పొలం సంగతులు చెబితే 200. పాటలే మేలు. మూడోదానికి కూడా పాటల్లో మూడో వంతు వాటా 233, వ్యవసాయం కంటే ఎక్కువ. కాబట్టి మూడు స్టేషన్లు వచ్చినా 300 మందికి వినడానికి ఏమీ లేదు. నాలుగోదానికి పాటల్లో వాటా 175కు పడిపోతుంది కాబట్టి అది వ్యవసాయం వైపు చూస్తుంది. ఇక నాటకం సంగతి చూస్తే, అయిదోది, ఆరోది, ఏడోది మళ్ళీ పాటలకే పోతాయి. ఎనిమిదో స్టేషను వచ్చాక గానీ నాటకం వేసినా పాట వేసినా ఒకటే అన్న పరిస్థితి రాదు.

ఇప్పుడు ఆ మూడు స్టేషన్లూ ఒకే సంస్థవని, వీలైనంత ఎక్కువమందికి చేరడమే దాని లక్ష్యమని అనుకోండి. తన ఒక స్టేషను శ్రోతలను తన మరో స్టేషను లాక్కోవడం వల్ల దానికి లాభం లేదు. పాటలకు ఒకటి, పొలానికి ఒకటి, నాటకానికి ఒకటి పెడితే వెయ్యిమందీ వింటారు. ఒకటే స్టేషను ఉన్నా ఫరవాలేదు, రోజును మూడు ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కొక్కరికి ఇస్తుంది. ఎఫ్.పి.సి. చేసే పని సరిగ్గా ఇదే.

ఈ లెక్కలో ప్రైవేటు స్టేషన్లవారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. లైసెన్సు రుసుము, జీతాలు, టవరు అద్దె కట్టుకోవలసినవారు 233 మందిని వదిలి 100 మంది దగ్గరికి వెళ్ళరు. పైగా ప్రసారంలో చలాకీతనం, శ్రోతతో నేరుగా ఫోనులో మాట్లాడే చొరవ, వీధి భాష మన చెవికి అలవాటైంది చాలా వరకు వారివల్లే. ఆ పోటీ తగిలాకనే ఆకాశవాణి రెయిన్‌బో చానళ్ళ గొంతు కూడా సడలింది.

లెక్క చెప్పనిది: నిర్ణయించేవారికి అభిరుచులు ఉంటాయి

స్టైనర్ లెక్కలో ఒక చిక్కుంది. పోటీ లేని సంస్థ అందరికీ చేరాలనుకుంటుందని అది అనుకుంటుంది. అధికారంలో కూర్చున్నవారు "జనం ఏం వినాలి" అన్నది తామే తేల్చేస్తే?

మన దగ్గర అది జరిగింది. 1952 నుంచి పదేళ్ళు సమాచార ప్రసార మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాభిమాని. ఆయన హయాంలో సినిమా పాటలు ఆకాశవాణి నుంచి దాదాపు మాయమయ్యాయి. శ్రోతలు ఎదురు తిరగలేదు, ముల్లు తిప్పారు. శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ మన సినిమా పాటలతోనే మన ఇళ్ళను ఏలింది. చివరికి 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టింది; 1967లో ఆ చానల్ మీదే ప్రకటనలు కూడా మొదలయ్యాయి. పాటలు కావలసిన 700 మందిని వదిలేసిన రేడియోకు మిగతా 300 మంది కూడా నిలబడరన్న సంగతి ఆనాటి ప్రభుత్వం అయిదేళ్ళలో తెలుసుకుంది.

హార్మోనియం కథ ఇంకా విచిత్రం. మన రాగాల్లోని గమకాలను అది పలికించలేదన్న వాదంతో 1940లో ఆకాశవాణి దాన్ని స్టూడియోల నుంచి బహిష్కరించింది. ఆ నిషేధం 1971 దాకా నడిచింది. శాస్త్రపరంగా ఆ వాదంలో పస ఉందేమో గానీ, హార్మోనియం శ్రుతి లేనిదే పద్యం ఎత్తుకోని రంగస్థల నటులున్న నేల మనది.

అయితే ఆ కఠినత్వానికే మరో ముఖం కూడా ఉంది. ఆకాశవాణిలో పాడాలన్నా వాయించాలన్నా ఆడిషన్‌లో నెగ్గాలి. బి, బి-హై, ఏ, టాప్ అని గ్రేడులుంటాయి. గ్రేడును బట్టి పారితోషికం. గొంతు ఎవరిదో తెలియకుండా విని నిర్ణయించే ఈ పద్ధతి వల్ల సభల్లో పిలుపు రాని నాదస్వర విద్వాంసులకు, బుర్రకథ దళాలకు, హరిదాసులకు ఏడాదికి కొన్ని కచ్చితమైన కార్యక్రమాలు, పేరు వెనుక ఒక గుర్తింపు దక్కాయి. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటివారు ఆకాశవాణి ఉద్యోగాల్లోనో ఆస్థానాల్లోనో ఉండబట్టే లలిత సంగీతం అన్న ప్రక్రియ తెలుగులో ఆ స్థాయికి చేరింది. సినిమాకూ కచేరీకీ మధ్య ఉన్న ఆ జాగాకు మార్కెట్టులో కొనేవారు అప్పుడు లేరు, ఇప్పుడూ తక్కువే. నా మటుకు నాకు, ప్రజా రేడియో ఖర్చును సమర్థించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

వార్తల దగ్గరికి వచ్చేసరికి

సంస్కృతి విషయంలో ఏకస్వామ్యం తెచ్చే నష్టం అభిరుచిది. వార్తల విషయంలో అది నేరుగా ప్రజాస్వామ్యానికే తగులుతుంది. భారతదేశంలో రేడియో వార్తలు స్వయంగా సేకరించి చెప్పే హక్కు ఇప్పటికీ ఆకాశవాణికి మాత్రమే ఉంది. ఎన్ని వందల వార్తా టీవీ చానళ్ళు ఉన్నా, ఎవరైనా యూట్యూబులో వార్తలు చదవగలిగినా, ప్రైవేటు ఎఫ్.ఎం. మాత్రం ఆకాశవాణి బులెటిన్‌ను యథాతథంగా తిరిగి వేయవచ్చునే గానీ సొంత వార్త చెప్పకూడదు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు, ఉద్యోగావకాశాలు, స్థానిక ఉత్సవాలు, కరెంటు నీళ్ళ గురించి అధికారులు ఇచ్చే ప్రకటనలు మాత్రం వార్తల కింద లెక్కకు రావు.

ఈ గీత ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. "ఖైరతాబాద్ నుంచి పంజాగుట్ట వైపు వాహనాలు నిలిచిపోయాయి, వేరే దారిన వెళ్ళండి" అని ఒక ఆర్.జె. చెప్పవచ్చు. ఆ రోడ్డు మీద ధర్నా ఎవరు చేస్తున్నారు, వారి డిమాండ్లేమిటి, మంత్రి ఏమన్నారు అని చెప్పడం మొదలుపెడితే అది వార్త అవుతుంది. కారులో ఇరుక్కున్న శ్రోతకు కావలసినది ఆ రెండో సగమే.

నిషేధానికి ప్రభుత్వం చెబుతూ వచ్చిన కారణం భద్రత. రేడియో చవక, చదువు రానివారికి కూడా చేరుతుంది, స్థానిక భాషలో ఉంటుంది, చిన్న చిన్న స్టేషన్లు వందలుగా వస్తే వాటి మీద నిఘా కష్టం. పుకారు పాకితే ప్రాణాలు పోతాయి. దీన్ని కొట్టిపారేయలేం. కానీ అదే భయం వాట్సాప్‌కు ఇంకా ఎక్కువగా వర్తిస్తుందన్న ఎదురువాదానికి జవాబు లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబరులో గంటకు పది నిమిషాలకు మించకుండా ప్రైవేటు ఎఫ్.ఎం.లకు వార్తలు అనుమతించవచ్చునని సిఫారసు చేసింది.

ఏకస్వామ్యం ఎంత దూరం పోగలదో అత్యవసర పరిస్థితి చూపించింది. 1975 జూన్ 26 ఉదయం ఆ ప్రకటన దేశానికి వినబడింది ఆకాశవాణిలోనే. ఆ తరువాత 21 నెలలు దాని వార్తల్లో ప్రతిపక్షం అన్నది లేదు. ప్రభుత్వ కార్యక్రమానికి సహకరించలేదని 1976లో కిశోర్ కుమార్ పాటలను కూడా ఆపేశారు. అంటే వార్తల మీద పడిన చేయి అక్కడితో ఆగలేదు, పాటల దాకా వచ్చింది.

ఆ అనుభవం నుంచే స్వయంప్రతిపత్తి ఆలోచన బలపడింది. 1978లో బి.జి. వర్గీస్ కమిటీ స్వతంత్ర ధర్మకర్తల సంస్థను సూచించింది. 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వంలో సమాచార మంత్రి పర్వతనేని ఉపేంద్ర ప్రసార భారతి చట్టాన్ని తెచ్చారు. అది ఏడేళ్ళు బీరువాలో ఉంది. ఈలోగా 1995 ఫిబ్రవరిలో, ఒక క్రికెట్ టోర్నీ ప్రసార హక్కుల తగాదాలో, సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం ఉండకూడదని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాసిన విడి తీర్పు ఇప్పటికీ ఉటంకింపులకెక్కుతుంది. 1997లో ఎస్. జైపాల్‌రెడ్డి సమాచార మంత్రిగా ఉండగా చట్టం అమలుకు వచ్చింది. ఈ చివరి మూడు మలుపుల్లోనూ ఒక తెలుగువాడు ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు, మనవాళ్ళెవరూ పెద్దగా చెప్పుకోకపోవడం మాత్రం ఆశ్చర్యం.

చట్టంలోని 12వ విభాగం చదివితే ఎఫ్.పి.సి.కి అది రాజ్యాంగంలా కనిపిస్తుంది. పౌరుడికి స్వేచ్ఛగా, సత్యంగా, నిష్పక్షపాతంగా సమాచారం అందే హక్కు, తనదంటూ ఒక అభిప్రాయాన్ని ప్రచారం చేయకుండా భిన్నాభిప్రాయాలను వినిపించడం, వ్యవసాయం, ఆరోగ్యం, విజ్ఞానశాస్త్రం, అల్పసంఖ్యాకులు, గిరిజనులు, స్త్రీలు, పిల్లలు, అన్ని ప్రాంతాల భాషలు, సంస్కృతులు అన్నీ సంస్థ బాధ్యతలుగా అందులో రాసి ఉన్నాయి. 23వ విభాగం ప్రకారం దేశభద్రత, శాంతిభద్రతల వంటి కారణాలపై కేంద్రం ఆదేశాలు ఇవ్వవచ్చు. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తాడు పట్టుకున్నట్టుంటుందని విమర్శకులు అంటారు. పార్లమెంటు డబ్బు ఇస్తున్నప్పుడు ప్రభుత్వానికి ఆమాత్రం పట్టు ఉండవద్దా అన్నది అవతలివారి మాట. 2014 జనవరిలో శామ్ పిట్రోడా కమిటీ నిధులు, నియామకాల విషయంలో మరింత స్వేచ్ఛ కావాలని చెప్పింది.

సొమ్ము ఏ దారిన వస్తే, మాట ఆ దారిన పోతుంది

బీబీసీ ఇంటింటి టీవీ లైసెన్సు రుసుముతో నడుస్తుంది. రేడియోకు ప్రత్యేక లైసెన్సును 1971లోనే తీసేశారు. ప్రతి ఇల్లూ నేరుగా కడుతుంది కాబట్టి ప్రతి ఇంటికీ ఏదో ఒకటి ఇవ్వాలన్న ఒత్తిడి సంస్థ మీద ఉంటుంది. సముద్రం మీద గాలులు చెప్పే బులెటిన్, 1951 నుంచి సాగుతున్న రైతు కుటుంబాల ధారావాహిక నాటకం ఒకే చానల్లో నిలిచాయంటే దాని వెనుక ఈ ఏర్పాటుంది. మన దగ్గర కూడా ఒకప్పుడు పోస్టాఫీసుకు వెళ్ళి రేడియోకు ఏటా లైసెన్సు కట్టేవారు. ఆ చిన్న పుస్తకం పాత ట్రంకుపెట్టెల్లో ఇంకా కనిపిస్తుంది. 1980లలో అది రద్దయ్యాక సంస్థ పూర్తిగా కేంద్ర బడ్జెట్టు మీద, ప్రకటనల మీద ఆధారపడింది. శ్రోతకూ స్టేషనుకూ మధ్య ఉన్న లెక్కాచారం తెగిపోయింది.

అమెరికాది మూడో దారి. అక్కడి జాతీయ ప్రజా రేడియో సంస్థ ఎన్.పి.ఆర్. స్వయంగా స్టేషన్లు నడపదు. వందల స్థానిక స్టేషన్లు సభ్యులుగా ఉండి దాని కార్యక్రమాలు కొనుక్కుంటాయి, శ్రోతల చందాలు, సంస్థల విరాళాలు సేకరిస్తాయి. 2025లో నిధులు పోయినప్పుడు మన పత్రికల్లో చాలా వరకు "ఎన్.పి.ఆర్.కు దెబ్బ" అన్నట్టే వచ్చింది. నిజానికి ఎన్.పి.ఆర్. బడ్జెట్టులో కేంద్రం నేరుగా ఇచ్చేది ఒక శాతం పాటి. రద్దయిన నిధుల్లో 70 శాతానికి పైగా స్థానిక స్టేషన్లకు పోయేది. పెద్ద నగరాల స్టేషన్లు ధనికులైన శ్రోతల చందాలతో నెట్టుకొస్తాయి. అలాస్కా పల్లెలు, మూలవాసుల ప్రాంతాల స్టేషన్లకు చందా ఇచ్చేవారు తక్కువ, ఖర్చు ఎక్కువ. నిధులు ఆపాలన్నవారి వాదం కూడా వినదగినదే: వార్తలు ఒక పక్షానికి ఒరిగాయని నమ్మే పౌరుడి పన్నుతో ఆ వార్తలను నడపడం ఏం న్యాయం? కానీ కోత ఆ వార్తలున్న చోట కంటే వాతావరణ హెచ్చరికలున్న చోట ఎక్కువగా తగిలింది.

మాచనూరు మైకు

జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరులో మొదలైన సంఘం రేడియో ఈ లెక్కలన్నిటికీ వెలుపలిది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లోని దళిత స్త్రీలు చిరుధాన్యాల గురించి, విత్తనాల గురించి, పండుగ పాటల గురించి తమ మాటల్లో తామే మాట్లాడుకునే స్టేషను అది. 90.4 మెగాహెర్ట్జ్ మీద, నిబంధన అనుమతించే 100 వాట్ల శక్తితో, చుట్టూ కొద్ది కిలోమీటర్లే చేరుతుంది. ఆకాశవాణి పాడిపంటల్లో అధికారి చెబుతాడు, రైతు వింటాడు. ఇక్కడ చెప్పేదీ రైతే. అయితే కమ్యూనిటీ రేడియోకు కూడా సొంత వార్తలు నిషిద్ధం. ఊళ్ళో కొర్రల విత్తనం ఎవరి ఇంట్లో ఉందో చెప్పవచ్చు, మండలాఫీసులో ఏం జరిగిందో మాత్రం చెప్పకూడదు.

తరంగం చిన్నదైతే

వైవిధ్యం తగ్గడమంటే కార్యక్రమాలను రద్దు చేయడమని అనుకుంటాం. ఆచరణలో అది చాలా వరకు రిలేగా జరుగుతుంది. జిల్లా కేంద్రంలో రిటైరైనవారి స్థానంలో ఎవరూ రారు. క్యాజువల్ అనౌన్సర్ల డ్యూటీలు తగ్గుతాయి. నాటకానికి బడ్జెట్టు ఉండదు. గంట ఖాళీగా ఉంచలేరు కాబట్టి రాజధాని కేంద్రం నుంచో ఢిల్లీ నుంచో వచ్చేదాన్ని కలుపుతారు. బయటి నుంచి చూస్తే స్టేషను నడుస్తూనే ఉంటుంది, ప్రసార గంటల లెక్కా తగ్గదు. తగ్గేది ఆ జిల్లాలో తయారైన గంటలు. ఒక కేంద్రం రోజుకు 16 గంటలు ప్రసారం చేస్తూ అందులో 10 గంటలు తానే తయారుచేసేదనుకుందాం. అవి 4కు పడిపోయినా వార్షిక నివేదికలో 16 అన్న అంకె అలాగే ఉంటుంది. పది కేంద్రాలు అలా చేస్తే, వంద గంటల స్థానిక ప్రసారం నలభై అవుతుంది. మిగతా అరవై గంటల్లో పది ఊళ్ళవారు ఒకే కార్యక్రమం వింటారు.

దీనికి తోడు సాంకేతిక మార్పు ఉంది. విజయవాడ కేంద్రం శ్రోతలకు తెలిసిన 837 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్‌లో ఒక్కో తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. అంత పెద్ద తరంగం నేలను అంటిపెట్టుకుని, కొండలూ గుట్టలూ దాటి, వంద కిలోమీటర్ల పైన పోతుంది. ఎఫ్.ఎం. తరంగం పొడవు మూడు మీటర్ల పాటి. టవరు నుంచి కంటికి అడ్డం లేనంత మేరకే అది బాగా వినబడుతుంది. ధ్వని మాత్రం స్వచ్ఛంగా ఉంటుంది, ఫోనులోనూ కారులోనూ పట్టుకోవచ్చు. అందుకే పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా తప్పిస్తూ ఎఫ్.ఎం.కు మారడం ప్రసార భారతి విధానమైంది. 2023 ఏప్రిల్ 28న ఒకేరోజు 18 రాష్ట్రాల్లో 91 ట్రాన్స్‌మిటర్లు ప్రారంభమయ్యాయి. ఒక్కొక్కటి 100 వాట్లది. విజయవాడ మీడియం వేవ్‌ది 100 కిలోవాట్లు, అంటే వెయ్యి రెట్లు.

100 వాట్ల పెట్టె ఒక మండల కేంద్రానికి చక్కగా సరిపోతుంది, దాని వెనుక ఒక స్టూడియో, ఒక మైకు, ఆ ఊరి సంగతులు తెలిసిన ఒక మనిషి ఉంటే. అవి లేకుండా పెట్టినది రిలే కేంద్రం మాత్రమే. ఈ 91లో అధిక భాగం అలాంటివే. మరోవైపు, మీడియం వేవ్ ఆగిపోతే ఆ వంద కిలోమీటర్ల పరిధి చివర ఉన్న పాత సెట్టు, తీరానికి దూరంగా వలలు వేసిన పడవలోని సెట్టు మూగబోతాయి. మొబైల్ యాప్‌లో ప్రపంచమంతా వినవచ్చునన్నది నిజమే. డల్లాస్‌లో ఉన్న తెలుగువారు విజయవాడ భక్తిరంజని ఇప్పుడు హాయిగా వింటున్నారు. తుపాను వచ్చి కరెంటు పోయి, సెల్ టవర్లు ఒక్కొక్కటిగా ఆగిపోయే రాత్రి ఆ యాప్ పనిచేయదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తరువాత విశాఖ రోజుల తరబడి అలాగే ఉంది. కాబట్టి ఇకముందు ఏ మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ ఆపుతున్నామన్న ప్రకటన వచ్చినా, దాని బదులు పెట్టే ఎఫ్.ఎం. ఎన్ని వాట్లది, ఆ కేంద్రంలో రోజుకు ఎన్ని గంటలు అక్కడే తయారవుతాయి అన్న రెండు అంకెలు అడిగితే అసలు సంగతి తేలుతుంది.